కోటగుమ్మంలో మొదటి పేరు

కోటలోకి వచ్చే బాటసారులంతా "సింగమ్మ పూటకూళ్లిల్లు ఎక్కడ?" అని అడుగుతుంటే గవరయ్యకు కడుపు మండిపోయేది. ఆమెది పూరిపాక, తన పూటకూళ్లిల్లేమో రెండంతస్తుల మేడ! ఓర్వలేక రాజుగారి కాళ్లమీద పడి, భోజనం దొరికే చోటు అడిగినవాళ్లకు ద్వారపాలకుడు ముందు తన పేరే చెప్పేలా ఆజ్ఞ ఇప్పించుకున్నాడు.

రాజు సింగమ్మను పిలిపించి, "నీకేమైనా అభ్యంతరమా?" అని అడిగాడు.

"లేదు మహాప్రభూ. ఒక్కటే మనవి. ఆయనింట తిన్నవాళ్లు కూడా ఆ కోటగుమ్మం గుండానే బయటికి వెళ్లాలి."

అదెంత భాగ్యం అనుకున్నాడు గవరయ్య.

నాలుగో రోజుకు అతని పంక్తిలో ఒక్క విస్తరీ పడలేదు. ఉడికిపోతూ గుమ్మానికి పరుగెత్తాడు. అక్కడ బయటికి వెళ్లేవాడొకడు వచ్చేవాళ్లను ఆపి, "గవరయ్య ఇంట్లో నీళ్లచారు పోస్తారు. నేరుగా సింగమ్మ దగ్గరికి వెళ్లండి" అంటున్నాడు.

గవరయ్య వాడి భుజం పట్టుకుని ఇటు తిప్పాడు. చుట్టపుచూపుగా వచ్చి వెళ్తున్న తన అల్లుడే!