కాస్త తోడు ఇస్తావా అవ్వా?

అనగనగా, మనుషులకు దారి తెలియని ఒక అడవిలో, వాగు పక్క పల్లంలోకి చెంగమ్మ అనే కుందేలు ఇద్దరు పిల్లలతో కొత్తగా వచ్చి చేరింది. వానలొస్తే వాగు పొంగుతుందని, గుట్ట మీదికి చేరక తప్పదని అందరూ చెప్పారు. ఆ గుట్ట మీద ఉన్నది ఒక్కటే బొరియ. అది సూదవ్వ అనే ముళ్ళపందిది. ఆవిడ నోరా, అమ్మో!

“ముందే మంచి చేసుకోవాలి” అనుకుంది చెంగమ్మ. ఒకరోజు చిలగడదుంపలు పట్టుకెళ్ళింది. “నాకు దుంపలు తవ్వుకోవడం రాదనుకున్నావా?” అంది సూదవ్వ. ఇంకోరోజు రేగుపళ్ళు. “పులుపు” అని మూతి తిప్పుకుంది. మూడోసారి తేనెపట్టు. “ఊరికే ఎవరిస్తారమ్మా! నాతో ఏం పని పడిందో చెప్పు” అని తలుపేసుకుంది.

ఇదేం చోద్యం? ఇస్తే కోపమేంటి? చెంగమ్మకు ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

ఇంతలో ఒక సాయంత్రం చిన్నది గెంతుతూ గెంతుతూ పెరుగుకుండ తన్నేసింది. అడవి ఆవు పోసిన పాలున్నాయి. తోడు వేయడానికి చుక్క పెరుగు లేదు. పెరుగు లేనిదే పిల్లలు ముద్ద ముట్టరాయె! చెంగమ్మ సిగ్గు చంపుకొని గుట్టెక్కింది.

“అవ్వా, కాస్త తోడు ఇస్తావా?”

సూదవ్వ ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి. “నన్నా అడుగుతున్నావు?” అంది. ముళ్ళు మెల్లగా వాలిపోయాయి. “దీపాలవేళ దాటితే పెరుగు గడప దాటకూడదు. ఇదిగో, తొందరగా పట్టుకుపో. పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడే వెయ్యి, తెలిసిందా?”

మర్నాడు తెల్లారేసరికి సూదవ్వే దిగొచ్చింది! “తోడుకుందా?” అంటూ కుండలోకి తొంగి చూసింది. పెరుగు గడ్డలా ఉంది. “నా తోడు మరి!” అని మురిసిపోయింది. ఇక రోజూ ఏదో ఒక వంకతో రావడమే.

వానలు పడ్డాయి. వాగు పొంగింది. చెంగమ్మ నోరు తెరిచేలోపే సూదవ్వ గుమ్మంలో నిలబడింది. “నా పెరుగు తిన్న పిల్లలు నీళ్ళపాలవుతారా? పదండి పైకి!”

బొరియలో వెచ్చగా సర్దుకున్నాక చెంగమ్మ ఉండబట్టలేక అడిగేసింది. “ఇస్తే కసిరావు, అడిగితే కరిగావు. ఎందుకవ్వా?”

“ముళ్ళున్నదాన్ని కదే. అందరూ తప్పుకు తిరిగేవాళ్ళే. నేనూ ఒకరికి పనికొస్తానని నువ్వు అడిగాకే తెలిసింది” అంది సూదవ్వ, పిల్లల మీద ఎండుగడ్డి కప్పుతూ. “తోడు అడిగింది నువ్వు. దొరికింది నాకు.”

నీతి: ఎన్ని ఇచ్చినా దగ్గరకాని మనసు, ఒక్కోసారి చిన్న సాయం అడిగితే దగ్గరవుతుంది.