గుర్రపుడెక్క తీసిన కుంట

సుభద్రమ్మగారు తన ఆశ్రమమున శిష్యుల ప్రశ్నలకు కూర్చుండి సమాధానము చెప్పుట అరుదు. లేచి నడచుటయే ఆమె అలవాటు. ఒకనాడు వేదాద్రి యను శిష్యుడు, "అమ్మా, తప్పును తొలగించుటకు ముందు తప్పు చేసినవారిని పట్టుకొనవలదా?" అని అడుగగా, ఆమె కొంగు నడుమునకు బిగించి ఊరి కుంటకు దారితీసెను.

సద్దుల బతుకమ్మ దగ్గరపడినది. కుంటలో నీరన్నది కానరాదు. అంతటను గుర్రపుడెక్క, దానిపై లేత ఊదారంగు పూలు, మీది రేకున నెమలికన్ను వంటి పసుపుమచ్చ. గట్టుపై స్త్రీలు గుమిగూడియుండిరి.

"బతుకమ్మను నీళ్లల్ల విడుద్దుమా, ఆకుల మీద ఆరబెడుదుమా?" అని ఎల్లవ్వ ఎకసెక్కమాడెను. "నిరుడు ఎవతో ఈ పువ్వును వేళ్లతోటి తెచ్చి బతుకమ్మ మీద పెట్టి విడిచింది. ఆ మహాతల్లి దొరకాలె!"

గుంపు చివర కొత్తకోడలు సునంద తలవంచుకొని కాలివ్రేలితో మట్టిని గీయుచుండెను. ముచ్చటపడి పుట్టింటినుండి తెచ్చినది ఆమెయే. వేదాద్రి అది గ్రహించి నోరు తెరవబోయెను.

సుభద్రమ్మగారు అతనికంటె ముందుగా పలికెను: "సునందా, మీ వైపు చెరువులలో ఈ పీడ పాతదే కదా! ఎట్లు తీయుదురమ్మా?"

సునంద తలయెత్తెను. "తుంపితే తుంపిన ముక్కనే మళ్ల పెరుగుతదమ్మా. కిందికెల్లి వేళ్లతోటి లేపాలె. గింజ రాలకముందే తీసి, గట్టుకు దూరంగ ఎండేయాలె." అనుచు తానే మొదట నీట దిగెను.

ఎల్లవ్వ దిగెను, ఆమె వెనుక అందరును దిగిరి. పాటలు, బురద, నవ్వులు! "మెల్లగ, కోడలా! కుంటను నీ అత్త చీరె అనుకున్నవా, గట్ల పిండుతున్నవు?" అని ఎల్లవ్వ అనగా, గట్టుమీది అత్తయే అందరికంటె బిగ్గరగా నవ్వెను.

సద్దుల నాటి సాయంకాలము కుంటలో ఆకాశము కనబడెను. బతుకమ్మలు ఒకటి వెనుక నొకటి తేలిపోవుచుండెను. సునంద తన బతుకమ్మతో దిగుచుండగా, ఎల్లవ్వ దాని కొసను తేరిపార చూచి, "ఈయేడు తంగేడే పెట్టినవా, బిడ్డా? మంచిగున్నది" అని ఆమె బుగ్గపై పసుపు పూసెను. సునందకు నవ్వును కన్నీరును ఒక్కసారే వచ్చినవి.

వేదాద్రి ఆగలేక, "అమ్మా, నిరుడు తెచ్చినదెవరో ఎవరును అడుగనే లేదే!" అనెను.

సుభద్రమ్మగారు కుంటవైపు చూపి, "నీరు కనబడుచున్నది కదా, నాయనా! ఇంకను దేనిని వెదకుచున్నావు?" అనెను.