మంతెన ఎస్. రాసిన వ్యాసాలు

డాక్టర్ పొట్లూరి విశాలాక్షిగారిని ప్రశ్న అడిగితే సమాధానం రాదు, రోగి వస్తాడు. విశాఖలో ఆవిడ దగ్గర కాన్సర్ పరిశోధన నేర్చుకున్నవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. పొద్దున ఆస్పత్రిలో రోగుల్ని చూసి, మధ్యాహ్నం ప్రయోగశాలకు వచ్చేవారు. వాదనకు దిగిన శిష్యుడికి ఆస్పత్రిలో చూసిన రోగి కథేదో చెప్పి పంపేసేవారు. అర్థం చేసుకున్నాడా, బాగుపడ్డాడు. లేదా, వాడి ఖర్మ.

మంతెన సుజన్ ఆవిడ గదిలోకి వచ్చిన రోజున మాత్రం అతని ప్రాణం ప్రశ్నలోనే ఉంది. మర్నాడు ఇంటర్వ్యూ. అందులో నెగ్గితే సొంత ప్రయోగశాల ఇస్తారు. ఒంటికి కాపలా కాసే కణాలు ఎదురుగా కాన్సర్ పెరుగుతున్నా ఎందుకు ఊరుకుంటాయన్నది అతని పరిశోధన. పని మంచిదే, కానీ అచ్చయిన వ్యాసాలు పట్టుమని పది లేవు. అలాంటిది, పరిశోధకుల వ్యాసాలన్నీ పోగుచేసి చూపే వెబ్‌సైటులో అతని పేరు కింద ఉన్నట్టుండి రాశి పోసినట్టు వ్యాసాలు చేరాయి.

తెలుగువాళ్ల పేర్లతో వచ్చే తంటా ఇది. పత్రికల్లో ఇంటిపేరు నిండుగా పడుతుంది, అసలు పేరు ఒక్క అక్షరమై మిగులుతుంది. శ్రీకాకుళం పల్లెల్లో చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ల నోటి కాన్సర్ మీద ఏళ్ల తరబడి పనిచేస్తున్న మంతెన సుభద్రగారూ, మన సుజనూ అక్కడ ఇద్దరూ ‘మంతెన ఎస్.’లే. కంప్యూటరు ఇద్దరినీ ఒకరనుకుని ఆవిడ వ్యాసాలన్నీ తెచ్చి ఇతని పేజీలో పెట్టింది. సొమ్మొకరిది, సోకొకరిది.

“నేను దొంగతనం చేయలేదు మేడమ్, దానంతటదే వచ్చింది. బహుశా ఆ పేజీ చూసే నన్ను పిలిచారు. ఈ ఉద్యోగం తప్పితే మళ్లీ ఎవరి కిందో చేరాలి. ఇంటర్వ్యూ అయ్యాక సరిచేయిస్తే తప్పా?” అని అడిగాడు సుజన్.

విశాలాక్షిగారు కుర్చీ చూపించి మొదలుపెట్టారు.

“అనకాపల్లి నుంచి కర్రి సింహాచలం అని ఒకతను వచ్చాడు, వాళ్ల బావకు తోడుగా. బావ పుల్లలా ఉంటే ఇతను బొజ్జ నిమురుకుంటూ నిలబడ్డాడు. నేను అటు చూసేసరికి మురిసిపోయి, ‘మా ఇంటిదాని వంట ఒంటికి పట్టీసిందండి. ఊళ్లో అందరూ కళొచ్చిందంటన్నారండి’ అన్నాడు. నువ్వూ ఒకసారి బల్ల మీద పడుకో అన్నాను. ‘నాకేటండి, దుక్కలాగున్నాను!’ అని నవ్వుతూనే పడుకున్నాడు. ఎడమవైపు పక్కటెముకల చాటున ఉండాల్సిన ప్లీహం పెరిగిపోయి, బొడ్డు దగ్గర గట్టిగా చేతికి తగిలింది. రక్త కాన్సర్.”

“బతికాడా మేడమ్?”

“నిక్షేపంలా ఉన్నాడు. మాత్రలు పనిచేశాయి, బొజ్జ పోయింది. అతనికి మాత్రం నా మీద కోపం. ‘మునుపటి కళే బాగుందండి. ఇప్పుడు అందరూ జబ్బు చేసిందేటని అడుగుతన్నారండి’ అని నాతో దెబ్బలాట.”

సుజన్ నవ్వాడు. నవ్వుతూనే, “అంత పెరుగుతుంటే లోపల కాపలా కణాలకైనా అనుమానం రాలేదా?” అన్నాడు. ఆ మాట నోట్లోంచి వచ్చాక అతని మొహం పాలిపోయింది.

“పరాయిదైతే పట్టుకునేవి. అది అతని సొంత కణం కదా, ఇంటిపేరుతో సహా. ఈ సంగతి నువ్వే రాశావు. నీ వ్యాసం నాకంటే నీకే బాగా తెలియాలి” అని ఆవిడ సూక్ష్మదర్శిని వైపు తిరిగారు.

సుజన్ తన బల్ల దగ్గరకు వెళ్లి, ఆ పేజీలో ఒక్కొక్క వ్యాసం పక్కనా ‘ఇది నాది కాదు’ అని గుర్తు పెడుతూ పోయాడు. కొన్నింటి పేర్లు కూడా అతనికి సరిగా అర్థం కాలేదు. పేజీ కురచవుతున్నకొద్దీ ఏడుపొచ్చింది. ఎంత కష్టపడ్డా తనది ఇంతేనా అనిపించింది. పని ముగించి, మిగిలిన పేజీని అచ్చు తీసుకుని మళ్లీ ఆవిడ గదికి వచ్చాడు.

“ఇవే మిగిలాయి మేడమ్. వాళ్లు పిలిచింది నన్నో, సుభద్రగారినో తెలియదు. రేపు కూర్చోగానే జరిగింది చెప్పేస్తాను. వెళ్లిపొమ్మంటే వచ్చేస్తాను.”

ఆవిడ ఆ కాగితం పైనుంచి కిందికి చదివారు. తీరిగ్గానే చదివారు.

“ఇవన్నీ నువ్వు చేసినవేనా?”

“నావేనండి. ప్రతి ప్రయోగం నా చేత్తో చేసిందే.”

“అయితే ఇంకేం. ఏ వ్యాసం తెరిచి ఏమడుగుతారో అడగనీ.”