చుక్క పెట్టిన మాట

కొన్నాళ్లుగా రిగ్జిన్‌కు కాళ్లు నేల మీద నిలవడం లేదు. హిమాలయాల్లోని ఆ మఠంలో చేరకముందు పట్నంలో భాషాశాస్త్రం చదివిన భిక్షువు అతను. ఇప్పుడు 'కన్ను' అనే మాట ఎక్కడ పుట్టిందో వెతుకుతున్నాడు. తమ టిబెటన్‌లో మిగ్. మిజోలో మిత్, మణిపురిలోనూ మిత్. బర్మావాళ్లు పూర్వం మ్యక్ అని రాసుకున్నారు. కొండకో భాష ఉన్నా కన్ను మాత్రం ఒక్కటే.

బూడిద చల్లిన పలక మీద 'మిక్' అని రాసి, దాని ముందు ఆకాశంలో చుక్కలాంటి గుర్తొకటి పెట్టి గురువుకు చూపించాడు.

"వీటన్నిటికీ తల్లి ఈ మాట, గురువుగారూ."

"ఆ చుక్క ఎందుకు?"

"ఇది భాషలు చదివిన మేం ఊహించి కట్టిన మాట. పలికినవాళ్లు ఎవరూ మిగల్లేదు, విన్నవాళ్లూ లేరు. అందుకని గుర్తు."

"ఎవరూ విననిదా," అంటూ ముసలి గురువు టీ తాగారు.

ఆ మధ్యాహ్నమే రోడ్డు పని మేస్త్రీ ఒకామెను వెంటబెట్టుకొచ్చాడు. ఆమె పేరు జోలియానీ, మిజోరాం నుంచి వచ్చింది. కనుమ దగ్గర బుల్డోజర్ నడిపే ఆమె కొడుకు మీద కొండచరియ విరిగిపడింది. మనిషి దొరకలేదు, వెతకడం కూడా ఆపేశారు.

"ఈమెకు హిందీ రాదు లామాగారూ. పొద్దుట్నుంచీ ఏదో అడుగుతూనే ఉంది, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. మీ దగ్గర చదువుకున్నాయన ఉన్నాడంటే తీసుకొచ్చాను," అన్నాడు మేస్త్రీ.

రిగ్జిన్ ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఆమె తన కళ్లను తాకి, కనుమ వైపు చెయ్యి చాచి ఏదో అంది. మళ్లీ అదే అంది. అందులో అతనికి ఒక్క మాట చెవిన పడింది. మిత్.

అతని మొహం వెలిగిపోయింది. "విన్నారా గురువుగారూ, మిత్ అంది. పుస్తకాల్లో చదవడమే గాని ఒక మనిషి నోట వినడం ఇదే మొదలు." తన కన్ను చూపించి "మిగ్" అన్నాడు ఆమెతో, నవ్వుతూ. ఇంకోసారి అనమని సైగ చేశాడు.

ఆమె ఆ నవ్వు వైపు చూసింది. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. చావింట్లో పెళ్లిపాట ఎత్తుకున్నట్టయింది. మేస్త్రీ తల దించుకున్నాడు.

గురువు లేచి కర్ర అందుకున్నారు. మోకాళ్ల నొప్పులతో మఠం మెట్లే దిగలేని మనిషి, ఆమె చెయ్యి పట్టుకుని కనుమ దారి పట్టారు. రిగ్జిన్ వెనకే నడిచాడు. సగం దూరం ఎక్కాక గాని ఆమె అడిగిందేమిటో అతనికి తెలియలేదు. కొడుకు పోయిన చోటు కళ్లారా చూడాలంది, అంతే. అతనికి సిగ్గేసింది.

కొండ జారిన చోట మట్టిలోంచి బుల్డోజర్ పసుపు రేకు కొంచెం కనిపిస్తోంది. ఆమె అక్కడే కూలబడి, ఆ రేకును రెండు చేతులా తడుముతూ ఏడ్చింది. ఆ ఏడుపులో మిజో మాట ఒక్కటీ లేదు.

రిగ్జిన్ పక్కన మోకరిల్లి ఆమె చేతులు పట్టుకున్నాడు. కన్నీటి చుక్క ఒకటి అతని చేతి మీద పడింది. అతను తుడుచుకోలేదు.

"ఎవరూ వినని మాట అన్నావు," అన్నారు గురువు మెల్లగా. "చుక్క పడింది. విను."