చూసిందే అరిచిన తీతువు

అనగనగా ఓ పెద్ద అడవి ఉండేది, పిల్లలూ. వానాకాలంలో ఆ అడవి నిండా వాగులే. ఎండాకాలం వచ్చిందంటే మాత్రం అన్నీ ఎండిపోయి, ఒక్క మడుగులోనే నీళ్ళు మిగిలేవి. జింక రావాలన్నా అక్కడికే, కుందేలు రావాలన్నా అక్కడికే. ఆ సంగతి పులికీ తెలుసు. తల వంచి నీళ్ళు తాగేవాళ్ళకి వెనకాల ఏమొస్తోందో కనపడదు గదా!

అందుకని అడవిలో వాళ్ళంతా కలిసి ఓ ఆనవాయితీ పెట్టుకున్నారు. ఎండలు ముదరగానే మడుగు దగ్గర ఒకరిని కావలి పెట్టేవాళ్ళు. పులి కనపడితే కావలివాళ్ళు అరవాలి. ఆ అరుపు వినపడగానే అందరూ పారిపోవాలి.

ఆ ఏడు కావలి పసుపుకాళ్ళమ్మది. పసుపుకాళ్ళమ్మ అంటే ఓ తీతువు పిట్ట. అప్పుడే పసుపు రాసుకొచ్చినట్టు ఉండేవి దాని కాళ్ళు. తీతువు అరుపు వింటే మనుషులు కీడంటారు. అడవిలో వాళ్ళకి అదే అండ.

కావలికి ఒప్పుకున్నవాళ్ళు ముందు మాట ఇవ్వాలి. పసుపుకాళ్ళమ్మ మడుగు మధ్యలో ఉన్న నల్లరాయి ఎక్కింది. ముక్కు నీళ్ళలో ముంచి, అందరి ముందూ చెప్పింది.

"చూసిందే అరుస్తాను. చూడనిది అరవను."

అంతే. రెండే ముక్కలు. వాళ్ళమ్మ కూడా ఒకప్పుడు ఆ రాయి మీదే ఆ మాటే చెప్పింది. అది తలుచుకుని పసుపుకాళ్ళమ్మ మెడ నిక్కించుకుని, ఒక్కో అడుగూ తీరిగ్గా వేసుకుంటూ గట్టెక్కింది.

గట్టు మీద గులకరాళ్ళలో దాని గుడ్లున్నాయి. తీతువులు చెట్ల మీద గూడు కట్టవు. నేల మీదే పెడతాయి గుడ్లు, రాళ్ళలో రాళ్ళలాగా. నాలుగు గుడ్లు. పసుపుకాళ్ళమ్మ కావలికి పోతే, మొగుడు గులకన్న వాటి మీద కూర్చునేవాడు.

ఓ రోజు తోకన్న అనే కోతి వచ్చాడు. తునికిచెట్టు కింద జింకలు రాలిన పళ్ళు ఏరుకు తింటున్నాయి. వాడికి కళ్ళు కుట్టాయి.

"ఏమే పసుపుకాళ్ళూ! పులి అని ఒక్క అరుపు అరవ్వే. జింకలు పారిపోతాయి. పళ్ళన్నీ మనవే. నీకు సగం, నాకు సగం" అన్నాడు.

"పులేదీ?" అంది తీతువు.

"పులే ఉంటే నిన్ను బతిమాలడమెందుకు?"

"లేకపోతే నేను అరవడమెందుకు?"

"పురుగు పట్టిన పళ్ళన్నీ నీకేనే! పురుగులంటే నీకిష్టం గదా!"

"పురుగులు నేనే ఏరుకుంటాలే. నువ్వెళ్ళు."

"అబ్బో, కాళ్ళకి పసుపుంటే చాలు, పెద్ద పేరంటాలు అయిపోయినట్టే!" అని వెక్కిరించి, తోక ఊపుకుంటూ పోయాడు తోకన్న.

ఇంకో రోజు చెవులమ్మ అనే కుందేలు వచ్చింది. దానికి మూడు పసికూనలు. మొహం పీక్కుపోయి ఉంది.

"అక్కా, నాకు పాలు పడటం లేదు. కడుపునిండా నీళ్ళు తాగుదామంటే, ఆ పందులు గట్టు నిండా పడుకుని నన్ను దిగనివ్వడం లేదు. పులి అని చిన్నగా ఒక్కసారి అరువక్కా. పిల్లల కోసమే గదా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

పసుపుకాళ్ళమ్మ రెక్కతో దాని కళ్ళు తుడిచింది. అయినా తల అడ్డంగా ఊపింది.

"పులి లేదు తల్లీ, అరవలేను. నువ్వు నాతో రా."

కుందేలుని వెంటబెట్టుకుని పందుల దగ్గరికి వెళ్ళింది. "బాబాయిలూ, బాలింత వచ్చింది. కాస్త జరగండి" అంది.

పందులు గుర్రుమంటూ జరిగాయి. "ఆ మాట ముందే చెప్పొచ్చు గదమ్మా, మాకేం తెలుసు?" అంది వాటిలో పెద్దది. చెవులమ్మ కడుపునిండా తాగింది.

ఆ తరవాత వచ్చింది అసలు కష్టం.

ఆ మధ్యాహ్నం కొండ మీద నుంచి అడవిదున్నల మంద దిగింది. రెండు రోజులుగా వాటికి చుక్క నీళ్ళు లేవు. ఎప్పుడూ వచ్చే దారికి అడ్డంగా మద్దిచెట్టు కూలి ఉంది. అందుకని గులకరాళ్ళ గట్టు మీదుగా వచ్చేస్తున్నాయి. ముందు మందకి పెద్దయిన గంగడోలు తాత, వెనక ముప్ఫై దున్నలు, వాటి దూడలు. నేల అదురుతోంది.

గులకన్న గుడ్ల మీద నుంచి లేచి కేకేశాడు. "పసుపూ! మన గుడ్ల మీదికే వస్తున్నాయే! పులి అని అరువు! ఒక్క అరుపుకి వెనక్కి తిరుగుతాయి. అరువే!"

అరుపు పసుపుకాళ్ళమ్మ గొంతు దాకా వచ్చింది. నోరు తెరిచింది. అంతలో పీక్కుపోయిన చెవులమ్మ మొహం కళ్ళ ముందు ఆడింది. 'ఆమె పిల్లలు మాత్రం పిల్లలు కారా? ఆమెకి లేదన్న అరుపు నాకెక్కణ్ణుంచి వచ్చింది? దాహంతో వచ్చే ఈ దూడల్ని అబద్ధం చెప్పి తరమనా?'

నోరు మూసుకుంది. పరిగెత్తింది. మంద ఎదురుగా నిలబడి రెండు రెక్కలూ బారజాపింది. పిడికెడు పిట్ట!

"ఆగు తాతా! ఇక్కడ నా గుడ్లున్నాయి. పక్కనించి పొండి!"

గంగడోలు తాత ముందుకాళ్ళు గట్టిగా తన్నిపట్టి ఆగాడు. కానీ వెనక మంద ఒక్కసారిగా ఆగుతుందా? వెనకనుంచి తోపుడు వచ్చింది. ఆయన గిట్ట కాస్త జారింది. చిన్న చప్పుడు. ఒక గుడ్డు పగిలిపోయింది.

దుమ్ము అణిగింది. గంగడోలు తాత పగిలిన గుడ్డుని చూశాడు, పిట్టని చూశాడు.

"నువ్వు కావలిదానివే గదమ్మా. పులి అని అరిస్తే మేమే పారిపోయేవాళ్ళం. ఎందుకరవలేదు?"

"పులి లేదు గదా తాతా" అంది పసుపుకాళ్ళమ్మ. రెక్కలు ఇంకా దించలేదు.

ఆ ముసలి దున్న కొమ్ములు నేలకి ఆనేట్టు తల వంచాడు. "మీ అమ్మ కావలి కూడా చూశాను నేను. ఆ తల్లి కూతురివనిపించావు" అన్నాడు. మంద మొత్తాన్నీ పక్కకి తిప్పి, చుట్టూ తిరిగి మడుగులోకి దింపాడు.

గులకన్నకి మాత్రం కోపం చల్లారలేదు. "తాత ఆగకపోయుంటే ఏమయ్యేది?"

"నాలుగూ పోయేవి" అంది పసుపుకాళ్ళమ్మ. దాని కళ్ళ నిండా నీళ్ళు. "బతికున్నన్నాళ్ళూ ఏడ్చేదాన్ని. అయినా అరిచేదాన్ని కాదు. ఆ అరుపు నా గొంతులో ఉంది గానీ నాది కాదయ్యా. అడవిది. చెవులమ్మకొక న్యాయం, నాకొక న్యాయమా?"

గులకన్న వెళ్ళి మిగిలిన మూడు గుడ్ల మీద కూర్చున్నాడు. కాసేపటికి, "నువ్వెళ్ళు, కావలి వదిలి వచ్చావు" అన్నాడు మెల్లగా.

నాలుగు రోజుల తరవాత పులి నిజంగానే వచ్చింది. పసుపుకాళ్ళమ్మ గొంతు చించుకుని అరిచింది. ఎక్కడ, ఏదీ అని ఎవరూ తల తిప్పి కూడా చూడలేదు. దున్నలు, పందులు, జింకలు, చెవులమ్మ, అందరూ ఒక్క ఊపున పరుగు. తోకన్నయితే నోట్లో పండు కూడా ఉమ్మేసి చెట్టెక్కాడు. పులి ఖాళీ గట్టు చూసుకుని ఆవలిస్తూ వెళ్ళిపోయింది.

తరవాత మూడు గుడ్లూ పిల్లలయ్యాయి. పుట్టిన పూటే లేచి, పసుపు కాళ్ళేసుకుని అమ్మ వెనకాల వరసగా నడిచాయి. మద్దిచెట్టు చీకిపోయి పాత దారి తెరుచుకున్నాక కూడా, దున్నలు ఎప్పుడైనా అటు వస్తే ఆ గులకరాళ్ళ చుట్టూ తిరిగే పోయేవి.

ఓసారి పక్క అడవి నుంచి ఓ కోతి చుట్టపు చూపుగా వచ్చింది. "ఏం కావలిరా ఇది? పిడికెడు లేదు!" అని నవ్వింది.

తోకన్నకి ఎక్కడలేని రోషం వచ్చింది. "ఒరేయ్, నోరు జాగ్రత్త! సొంత గుడ్ల కోసం కూడా అబద్ధం అరవని కావలిరా మాది. మీ అడవిలో ఉంటే ఒకరిని చూపించు!" అన్నాడు, రొమ్ము విరుచుకుని.

నల్లరాయి మీద పసుపుకాళ్ళమ్మ ఆ మాట విన్నది. మెడ ఇంకాస్త నిక్కించింది.

నీతి: పక్కవాళ్ళకి ఏ న్యాయం చెప్పామో, మనకి కష్టం వచ్చిన రోజున కూడా అదే న్యాయం మీద నిలబడాలి.