నాంచారమ్మ పన్ను చీటీలు

వెనకటికి ఒక రాజ్యపు ఖజానాలో ఎవరూ అడగని సొమ్ము పేరుకుపోయింది. హక్కున్నవాళ్ళను వచ్చి పట్టుకెళ్ళమని రాజుగారు చాటింపు వేయించారు. చనిపోయిన మొగుడు చెన్నయ్య రాజుగారి గుడారాలకు గుడ్డ నేసిన కూలి నలభై వరహాలు రావాలని నాంచారమ్మ వెళ్ళింది.

కోశాధికారి కన్నతల్లినైనా నమ్మే మనిషి కాదు. ఆమెను ఎగాదిగా చూశాడు. "నువ్వు చెన్నయ్య పెళ్ళానివేనని ఏమిటి నమ్మకం?"

నాంచారమ్మ పదేళ్ళ చీటీలు ముందు పెట్టింది. "చెన్నయ్య మగ్గం పన్ను, భార్య నాంచారమ్మ దగ్గర వసూలు" అని ప్రతి దానిమీదా రాసి, కోశాధికారి ముద్రే వేసి ఉంది.

"పన్ను ఎవరు కట్టినా పుచ్చుకుంటాం. అంతమాత్రాన పెళ్ళానివైపోతావా?"

"అయితే నేను పరాయిదాన్నే బాబయ్యా. ఎవరో చెన్నయ్య పన్నును పదేళ్ళపాటు తమరు నాచేత కట్టించారన్నమాట. ఆ పన్ను మొత్తం అరవై వరహాలు వెనక్కి ఇప్పించండి. నలభై నాకొద్దు."

కోశాధికారి వెంటనే నలభై వరహాలు ఇచ్చాడు. నాంచారమ్మ ఒక్కొక్క నాణేన్నీ పంటితో కొరికి చూడసాగింది.

"ఖజానా సొమ్మునే అనుమానిస్తావా?" అన్నాడాయన.

"పదేళ్ళుగా ఎరిగున్న నన్నే తమరు నమ్మలేదు. వీటిని నేను చూడటం ఇదే మొదలు బాబయ్యా."