చప్పట్ల మర్యాద

ఉప్పలరేవులో నూకరత్నం అనే ఆవిడ ఉండేది. నలుగురి ముందు నోరు విప్పాలంటే ఆవిడకు మహా బెరుకు. ఊరి పక్కన రంగుల ఫ్యాక్టరీ వచ్చాక దాని పొగకు ఆమె కూతురు ఈశ్వరికి ఆయాసం పట్టుకుంది. ఊళ్లో సర్కారు ఆసుపత్రి ఉంది గానీ అందులో డాక్టరూ లేడు, మందులూ లేవు. పట్నంలో వైద్యం చేయించే తాహతు వాళ్లకు లేదు. ఇంక చేసేది లేక పిల్లను కొండ అవతల పెద్దమ్మ ఇంటికి పంపేశారు.

అప్పటి నుంచి నూకరత్నానికి ముద్ద దిగేది కాదు. వీధిలో ఏ పిల్ల "అమ్మా" అని పిలిచినా తల తిప్పి చూసేది.

ఒకనాడు ఫ్యాక్టరీని ఇంకా పెంచుతామన్నారు. జనం మాట వినడానికి అధికారులు వచ్చి షామియానా వేయించారు. పక్కింటి లచ్చయ్యమ్మ మోచేత్తో పొడిచింది.

"వదినా, లేచి చెప్పు. పిల్లను దూరం చేసుకున్నది నువ్వు."

"నాకేం తెలుసమ్మా? ఊరి పెద్దాయన ఉన్నాడుగా, చెప్తాడు."

"చెప్తాడు, చెప్తాడు! ఆయన మనవలంతా పట్నంలో ఉన్నారు. ఆయనకేం దగ్గు?"

ఆ ఊళ్లో పెద్దాయన మాట్లాడితే చప్పట్లు కొట్టడం మర్యాద. పెళ్లయినా, సంతాప సభయినా కొట్టాల్సిందే. ఆయన మైకు పట్టుకుని, "ఫ్యాక్టరీ పెరిగితే ఊరు పెరుగుతుంది. మాకు సమ్మతమే" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నూకరత్నమూ కొట్టింది.

"ఇంకెవరైనా మాట్లాడతారా?" అని అధికారి అడిగాడు.

ఆమె లేవబోయింది. అందరూ తనవైపే చూస్తారనిపించి ఆగిపోయింది. ఊరంతా సంతోషంగా ఒప్పుకుందని రాసుకుని వాళ్లు వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం ఈశ్వరి ఫోన్ చేసింది. "అమ్మా, మీటింగయిందట కదా! నా గురించి చెప్పావా? ఇంక ఇంటికొచ్చేయనా?"

"ఇప్పుడే వద్దమ్మా" అని నూకరత్నం ఫోన్ పెట్టేసింది.

రెండో పొగగొట్టం లేచింది. ఊళ్లో దగ్గు ఎక్కువైంది. అప్పుడు కదిలింది నూకరత్నం. లచ్చయ్యమ్మనూ, దగ్గే పిల్లల తల్లులనూ వెంటబెట్టుకుని సోమవారం సోమవారం కలెక్టరాఫీసుకు వెళ్లేది.

"మీరే ఒప్పుకున్నారుగా? చప్పట్లు కూడా కొట్టారట!" అని గుమస్తా నవ్వాడు.

"కొట్టాం బాబూ, తప్పే. ఇప్పుడు నోటితో చెబుతున్నాం, రాసుకో. పొగ శుభ్రం చేసి వదలాలి. మా ఆసుపత్రికి డాక్టరు కావాలి, మందులు కావాలి" అంది నూకరత్నం.

ఏళ్లు గడిచాయి. వాళ్లు తిరగడం మానలేదు. చివరికి పొగను వడగట్టే యంత్రాలు పెట్టారు. ఊరి ఆసుపత్రికి డాక్టరమ్మ వచ్చింది, మందులు ఊరికే ఇవ్వసాగారు.

ఈశ్వరి ఇంటికొచ్చింది. తల్లి కంటే ఎత్తు ఎదిగిపోయింది. గుమ్మం దగ్గరే నిలబడి, చుట్టంలా అడిగింది.

"అమ్మా, సంచి ఎక్కడ పెట్టుకోను?"

నూకరత్నం కళ్లు తుడుచుకుని సంచి అందుకుంది.

నీతి: మన బాధను మన నోటితోనే, అడిగిన వేళే చెప్పుకోవాలి. ఆలస్యంగా చెప్పినా మేలు జరగవచ్చు గానీ, పోయిన కాలం తిరిగి రాదు.